ఇన్‌ఫ్లేషన్‌కు ఇన్ని నమూనాలుంటే దేన్ని నమ్మాలి? ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు ఏది తీసుకోవాలి?

మీ ప్రశ్న సారాంశం ఇదీ: విశ్వం పుట్టిన తొలి క్షణాల్లో విపరీతమైన వేగంతో ఉబ్బిపోయిందంటారు, దాన్నే ఇన్‌ఫ్లేషన్ అంటారు. దానికి లెక్కలేనన్ని నమూనాలున్నాయి. ఏ డేటా వచ్చినా వాటిలో ఏదో ఒకటి సరిపోతుంది. మరి అలాంటిదాన్ని ప్రాజెక్టుకు తీసుకుంటే వైవాలో నవ్వులపాలవుతానా?

అవరు. నేను ఎమ్మెస్సీ ప్రాజెక్టు దీనిమీదే చేశాను. పీహెచ్‌డీ కూడా దీని చుట్టుపక్కలే తిరిగింది. ఇప్పుడు డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెప్పుకుంటున్నాను. నమూనాలు బోలెడున్న మాట నిజమే. 2013లో జెరోమ్ మార్టిన్, రింజెవల్, వెన్నిన్ కలిసి వాటిలో సరళమైనవాటిని మాత్రమే ఏరి జాబితా వేస్తేనే డెబ్బై దాటాయి. కానీ ఎన్ని ఉన్నా అవి చావవు అనుకోవడం తప్పు. నేను ముచ్చటపడి ఎంచుకున్న నమూనా నేను చూస్తుండగానే పోయింది. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ముందు ఇన్‌ఫ్లేషన్ అవసరం ఎందుకొచ్చిందో చూడండి. ఆకాశంలో ఏ దిక్కుకు చూసినా కాస్మిక్ మైక్రోవేవ్ నేపథ్య వికిరణం (సీఎంబీ, తొలి విశ్వం నుంచి మిగిలిన కాంతి) ఒకే ఉష్ణోగ్రతలో ఉంటుంది, 2.725 కెల్విన్. తేడాలున్నా లక్షలో ఒక వంతు. ఆ కాంతి బయల్దేరేనాటికి విశ్వం వయసు సుమారు 3.8 లక్షల ఏళ్ళు. ఇన్‌ఫ్లేషన్ లేని మామూలు బిగ్ బ్యాంగ్ లెక్క ప్రకారం, ఈనాటి ఆకాశంలో రెండు డిగ్రీల ఎడం ఉన్న రెండు చోట్ల మధ్య అప్పటికి కాంతి కూడా ప్రయాణించి ఉండదు. ఎన్నడూ ఒకదాని మొహం ఒకటి చూడని ప్రాంతాలన్నీ ఒకే ఉష్ణోగ్రతకు ఎలా వచ్చాయి? దీన్నే హొరైజన్ సమస్య అంటారు, హొరైజన్ అంటే కాంతి చేరగలిగే హద్దు. విశ్వం జ్యామితి ఇంత చదునుగా ఎందుకుందన్నది ఇంకో చిక్కు. రాబర్ట్ డిక్ 1978లో కార్నెల్‌లో ఇచ్చిన ఉపన్యాసంలో దీని గురించి మాట్లాడితే, వింటున్నవాళ్ళలో అలన్ గుత్ ఉన్నాడు.

గుత్ అప్పటికి కాస్మాలజిస్టు కాదు, కణ భౌతికశాస్త్రం మనిషి. హెన్రీ టైతో కలిసి అతను పట్టుకున్న సమస్య వేరు: ప్రకృతి బలాలను ఒకటిగా కలిపే మహా ఏకీకరణ సిద్ధాంతాల లెక్కన తొలి విశ్వంలో అయస్కాంత మోనోపోల్స్, అంటే ఒకే ధ్రువమున్న కణాలు, కుప్పలుతెప్పలుగా పుట్టాలి, మరి అవన్నీ ఏవి? 1979 డిసెంబరులో ఒక రాత్రి అతనికి తట్టింది: తొలి విశ్వం ఒక దశలో కొంతసేపు ఇరుక్కుపోయి, ఆ దశకున్న శక్తి వల్ల ఘాతాంక వేగంతో ఉబ్బిపోతే మోనోపోల్స్ పలచబడిపోతాయి, జ్యామితి చదునవుతుంది, హొరైజన్ సమస్య కూడా తీరుతుంది. పేపర్ 1981 జనవరిలో అచ్చయింది. నాకు ఆ పేపర్‌లో బాగా నచ్చేది దాని సారాంశం. తన నమూనా ఒప్పుకోలేని పర్యవసానాలకు దారితీస్తుందని గుత్ అందులోనే రాసేశాడు. నీళ్ళు మరిగేటప్పటిలా కొత్త దశ బుడగలుగా పుడుతుంది, కానీ మధ్యలో ఉన్న స్థలం అంతకన్నా వేగంగా పెరిగిపోతుంటే ఆ బుడగలు ఎప్పటికీ కలవవు. మనకు కనిపించే నునుపైన విశ్వం అందులోంచి రాదు. అంటే మొదటి ఇన్‌ఫ్లేషన్ నమూనా పుట్టుకతోనే పోయింది. ఆ సంగతి చెప్పింది దాన్ని కన్నవాడే.

1982లో ఆంద్రేయ్ లిండె ఒకవైపు, ఆల్‌బ్రెక్ట్, స్టైన్‌హార్ట్ మరోవైపు దీనికి మందు కనిపెట్టారు. బుడగల గొడవ లేకుండా, ఇన్‌ఫ్లటాన్ అనే క్షేత్రం దాదాపు చదునైన పొటెన్షియల్ మీద మెల్లగా దిగుతుంది. దిగుతున్నంతసేపూ ఇన్‌ఫ్లేషన్, అడుగుకు చేరితే ఆఖరు. మరి అది దబ్బున ఎందుకు పడిపోదు? క్షేత్ర సమీకరణంలో విశ్వ విస్తరణ రేటు ఒక ఘర్షణ పదంగా వచ్చి కూర్చుంటుంది. ముదురు బెల్లప్పాకంలో వేసిన గోలీ ఎలా దిగుతుందో ఊహించుకోండి. బరువు కిందికి లాగుతూనే ఉంటుంది, పాకం మాత్రం వేగం పుంజుకోనివ్వదు. స్లో రోల్ అనేది ఇంతే.

అదే ఏడాది వేసవిలో కేంబ్రిడ్జిలో జరిగిన సమావేశంలో హాకింగ్, స్టారోబిన్‌స్కీ, గుత్, సో-యంగ్ పై, బార్డీన్, స్టైన్‌హార్ట్, టర్నర్ అందరూ ఒక్క లెక్క మీద పడ్డారు: ఆ క్షేత్రంలోని క్వాంటమ్ ఒడుదొడుకులు సాగి సాగి, తర్వాత గెలాక్సీలకు బీజాలయ్యే సాంద్రత తేడాలను ఎంత మేరకు పుట్టిస్తాయి? మాస్కోలో ముఖనోవ్, చిబిసోవ్ 1981లోనే ఈ దారిలో నడిచారు. లెక్క తేలాక చూస్తే, మహా ఏకీకరణ సిద్ధాంతం నుంచి తెచ్చిన పొటెన్షియల్‌తో తేడాలు మరీ పెద్దవిగా వస్తున్నాయి. రెండో నమూనా కూడా అంతటితో సరి. ఆలోచన బతికింది, దాన్ని మోసిన పొటెన్షియల్ పోయింది. ఈ రంగం కథంతా ఇలాగే ఉంటుంది. మీ ప్రశ్నకు జవాబు కూడా చాలావరకు ఇందులోనే ఉంది.

1983లో లిండె ఇంకాస్త తెగించాడు. దశ మార్పులూ అవీ ఎందుకు, పొటెన్షియల్ కేవలం ఫై (క్షేత్రం విలువ) తాలూకు ఒక ఘాతం అనుకుందాం, క్షేత్రం ఎక్కడో పైన మొదలైతే చాలు అన్నాడు. ఈ రకంలో అన్నిటికన్నా సరళమైనది ఫై స్క్వేర్, స్ప్రింగుకు రాసే పొటెన్షియల్ లాంటిది. నేను ప్రాజెక్టుకు తీసుకున్నది దీన్నే. ఎందుకంటే లెక్క మొత్తం ఒక పేజీలో అయిపోతుంది. మీరూ ఇప్పుడే కాగితం తీసుకుని వేసి చూడండి. ప్లాంక్ ద్రవ్యరాశిని (రెడ్యూస్డ్ అనే రకాన్ని) 1 అనుకోండి. క్షేత్రం ఎంత మెల్లగా దిగుతోందో చెప్పే స్లో రోల్ పరామితి ఎప్సిలాన్ అంటే 2ను ఫై వర్గంతో భాగిస్తే వచ్చేది. అది 1 అయినప్పుడు ఇన్‌ఫ్లేషన్ ఆగుతుంది, అంటే ఫై వర్గం 2 దగ్గర. విశ్వం ఈ రెట్లు, అంటే సుమారు 2.718 రెట్లు, పెరిగితే ఒక ఈ-ఫోల్డ్. అక్కడినుంచి 60 ఈ-ఫోల్డ్‌లు వెనక్కి వెళితే ఫై వర్గం 4 ఇంటూ 60 ప్లస్ 2, అంటే 242. క్షేత్రం విలువ ప్లాంక్ ద్రవ్యరాశికి పదిహేనున్నర రెట్లు. ఎప్సిలాన్ 0.0083. దాన్ని 16తో గుణిస్తే, సాంద్రత తేడాలతో పోలిస్తే గురుత్వ తరంగాలు ఎంత బలంగా ఉన్నాయో చెప్పే నిష్పత్తి ఆర్ వస్తుంది: 0.13. ఇందులో ఈటా అనే రెండో స్లో రోల్ పరామితి కూడా ఎప్సిలాన్‌తో సమానమే కాబట్టి స్పెక్ట్రల్ ఇండెక్స్ 1 మైనస్ 4 ఎప్సిలాన్, అంటే 0.967. ఒడుదొడుకులు అన్ని పరిమాణాల్లోనూ ఒకేలా ఉంటే ఈ ఇండెక్స్ సరిగ్గా 1.

ఇక్కడ మీ పెన్ను ఒక్క నిమిషం ఆపి చూడండి. క్షేత్రం ద్రవ్యరాశి ఆర్‌లోకీ రాలేదు, ఇండెక్స్‌లోకీ రాలేదు. అది ఒడుదొడుకుల మొత్తం పరిమాణాన్ని మాత్రమే నిర్ణయిస్తుంది, దాన్ని ఎలాగూ ఆకాశం చూసే సరిచేసుకుంటాం. ఆ తర్వాత మీ చేతిలో తిప్పడానికి మరలు ఏమీ మిగలవు. 60 బదులు 50 వేసుకోవచ్చు, అంతే. ఏ డేటా వచ్చినా సరిపెట్టుకోవచ్చు అనేవాళ్ళకు నేను ఈ పేజీనే చూపిస్తాను.

నా ప్రాజెక్టు నడుస్తున్న రోజుల్లో, 2014 మార్చి 17న, దక్షిణ ధ్రువం దగ్గరి బైసెప్2 టెలిస్కోపు బృందం, సీఎంబీ ధ్రువణంలో ఆది గురుత్వ తరంగాల ముద్ర దొరికిందని ప్రకటించింది. మనకది హోలీ రోజు. రంగులు ఇంకా వదలని చేతులతో రాత్రి హాస్టల్లో ఒకే ల్యాప్‌టాప్ చుట్టూ మూగి చూశాం, వీడియో ఆగి ఆగి వచ్చింది. ఆర్ విలువ 0.2 అన్నారు. మా వాళ్ళకు ఆ అంకె అర్థం కాకపోయినా నాకు మాత్రం నోట మాట రాలేదు. 2013లో సీఎంబీని కొలిచిన ప్లాంక్ ఉపగ్రహం డేటాతో అంచుకు నెట్టుకుపోయిన ఫై స్క్వేర్ మళ్ళీ మధ్యలోకి వచ్చి నిలబడింది. ఆర్ 0.003 దగ్గర ఉండాలని చెప్పే స్టారోబిన్‌స్కీ నమూనా పని అయిపోయిందన్నారు. లిండె ఇంటి తలుపు తట్టి ఈ వార్త చెబుతున్న వీడియో లోకమంతా తిరిగింది.

మర్నాడు మా గైడ్ దగ్గరికి పరుగెత్తుకెళితే ఆయన కుర్చీలోంచి లేవకుండా అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఎన్ని ఫ్రీక్వెన్సీల్లో చూశారు?" 150 గిగాహెర్ట్జ్, ఒక్కటే. మన గెలాక్సీలోని ధూళి కూడా అదే రకం ధ్రువణాన్ని పుట్టిస్తుంది. ధూళిని వేరుచేయాలంటే కనీసం ఇంకో ఫ్రీక్వెన్సీ కావాలి. సెప్టెంబరులో ప్లాంక్ 353 గిగాహెర్ట్జ్ ధూళి పటం వచ్చింది. 2015 మొదట్లో రెండు బృందాలూ కూర్చుని కలిపి విశ్లేషిస్తే మిగిలింది పై హద్దు మాత్రమే, ఆర్ 0.12 కన్నా తక్కువ. ఆ తర్వాత ఆ హద్దు దిగుతూనే వచ్చింది. 2021లో బైసెప్, దాని తోటి టెలిస్కోపు కెక్ డేటాతో 0.036కి చేరింది. 0.13 చెప్పే ఫై స్క్వేర్‌కు ఇక చోటు లేదు. దాని అన్న ఫై ఫోర్ (ఫై నాలుగో ఘాతం) ప్లాంక్‌కు ముందరి డబ్ల్యూమ్యాప్ ఉపగ్రహం రోజుల్లోనే కుంటుపడింది. ఇంత అందమైన, ఇంత తేలికైన నమూనా పోవడం నాకు కొంచెం బాధే అనిపించింది, కానీ పోవడానికి సిద్ధంగా ఉన్న నమూనాయే పని చేసిన నమూనా.

ఇప్పుడు స్టారోబిన్‌స్కీ దగ్గరికి. మాస్కో లాండౌ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన ఆయన 1980లోనే, అంటే గుత్ పేపర్ అచ్చవకముందే, దీన్ని రాశాడు. మోనోపోల్స్ గొడవ ఆయనకు పట్టలేదు. ఐన్‌స్టయిన్ సమీకరణాలకు క్వాంటమ్ సవరణలు కలిపితే ఏమవుతుందో చూడాలనుకున్నాడు. వక్రతకు తోడు వక్రత వర్గం కూడా చేరితే విశ్వం దానంతటదే ఉబ్బే దశలోకి వెళుతుంది. ఆ నమూనాను మామూలు క్షేత్రం భాషలోకి మార్చి రాస్తే పొటెన్షియల్ ఒక పీఠభూమిలా వస్తుంది: పైన విశాలమైన చదును, చివర్లో ఒక పల్లం. ఇండెక్స్ 1 మైనస్ 2 బై ఎన్, ఆర్ 12 బై ఎన్ స్క్వేర్. ఎన్ అంటే ఈ-ఫోల్డ్‌ల సంఖ్య. 60 వేస్తే 0.967, 0.0033. ఇండెక్స్ ఫై స్క్వేర్‌దే, ఆర్ మాత్రం నలభయ్యో వంతు. ప్లాంక్ 2018 విలువ 0.965, అటూ ఇటూ 0.004. దాని మధ్యలోకి వచ్చి పడింది. హిగ్స్ క్షేత్రమే ఇన్‌ఫ్లటాన్ అని 2007లో బెజ్రుకోవ్, షపోష్నికోవ్ ప్రతిపాదించిన నమూనా కూడా చివరికి ఇదే పీఠభూమికి చేరుతుంది, దాదాపు ఇవే అంకెలిస్తుంది. ఎక్కడెక్కడో మొదలై ఒకే చోటికి చేరడం కొందరికి సంతోషం. నాకు మాత్రం కొంచెం చిరాకు, ఎందుకంటే ఈ రెండు అంకెలతో వాటిని విడదీయడం దాదాపు అసాధ్యం.

అది గెలిచిందని చెప్పేద్దామా అంటే అదీ లేదు. 2025లో చిలీలోని అటకామా టెలిస్కోపు డేటాను ప్లాంక్‌తోనూ, డెసీ గెలాక్సీ సర్వేతోనూ కలిపి చూస్తే ఇండెక్స్ 0.974కి జరిగింది, అటూ ఇటూ 0.003. స్టారోబిన్‌స్కీ నమూనాకు ఆ విలువ రావాలంటే ఈ-ఫోల్డ్‌లు 77 దాకా ఉండాలి. ఇన్‌ఫ్లేషన్ ముగిశాక విశ్వం మళ్ళీ వేడెక్కే తీరు గురించి మామూలుగా అనుకునేవాటిలో ఏదీ అంత ఇవ్వదు. డెసీ డేటాకూ సీఎంబీ డేటాకూ మధ్యే కాస్త పొసగడం లేదు కాబట్టి, ఆ జరుగుడులో కొంత దానివల్లే అయ్యుండొచ్చని నా అనుమానం. 2014 చూసినవాణ్ని కనుక ఇప్పుడే సంతాప సభ పెట్టమంటే పెట్టను.

ఇక మీ అనుమానంలో న్యాయమైన సగం. ఒక్కో నమూనా చస్తుంది, సరే. కానీ ఇన్‌ఫ్లేషన్ అనే ఆలోచన మొత్తంగా చస్తుందా? ఈ ప్రశ్న వేసేవాళ్ళలో ముందున్నది ఎవరో కాదు, 1982లో దాన్ని నిలబెట్టినవాళ్ళలో ఒకడైన పాల్ స్టైన్‌హార్ట్. చాలా నమూనాల్లో ఇన్‌ఫ్లేషన్ ఒకచోట ఆగితే ఇంకోచోట సాగుతూనే ఉంటుంది. అనంతమైన విశ్వాలు, వాటిలో జరగగలిగిందల్లా ఎక్కడో జరుగుతుంది. అప్పుడు జోస్యానికి అర్థమేముందని ఆయన వాదన. 2017లో ఆయన, ఇజాస్, లోబ్ కలిసి ఒక పత్రికలో ఇది గట్టిగా రాస్తే, గుత్, లిండె, హాకింగ్‌తో సహా 33 మంది శాస్త్రవేత్తలు సంతకాలు పెట్టి జవాబిచ్చారు. రెండు వైపులా చదవండి. క్షేత్రం ఆ ఎత్తున మొదట ఎలా వచ్చి కూర్చుందన్నదానికి ఇప్పటికీ సంతృప్తికరమైన జవాబు నాకు కనబడలేదు. ఇందులో స్టైన్‌హార్ట్ పక్షమే నేను.

అయినా ఒక్క మాట ఆ 33 మంది తరఫున. ఒడుదొడుకులు అన్ని పరిమాణాల్లోనూ దాదాపు ఒకేలా ఉండాలి, కానీ సరిగ్గా ఒకేలా ఉండకూడదు, పెద్ద పరిమాణాల వైపు రవ్వంత ఎక్కువుండాలి అని ముఖనోవ్, చిబిసోవ్ లెక్క చెప్పింది 1981లో. అసలు ఆ ఒడుదొడుకులున్నాయని కోబె ఉపగ్రహం చూసింది 1992లో. ఇండెక్స్ సరిగ్గా 1 కాదని ప్లాంక్ తేల్చడానికి ఇంకో ఇరవై ఏళ్ళు పట్టింది. ఇప్పుడు ఆ తేడా ఎనిమిది సిగ్మాల దూరంలో, అంటే కొలతలోని అనిశ్చితికి ఎనిమిది రెట్ల దూరంలో ఉంది. ముప్పై ఏళ్ళ ముందు కాగితం మీద రాసుకున్న మాట అలా నిలబడితే దాన్ని గాలివాటం అనలేం.

ప్రాజెక్టు సంగతి. మొదట ఫై స్క్వేర్‌నే తీసుకోండి, పోయిన నమూనా అయినా సరే. పైన చెప్పిన పేజీ లెక్క మీ చేత్తో రావాలి. తర్వాత పైథాన్‌లో అదే నమూనాను స్లో రోల్ ఉజ్జాయింపు లేకుండా అంకెలతో సాధించండి. కాలాన్ని సెకన్లలో పెట్టుకోవద్దు, ఈ-ఫోల్డ్‌లనే గడియారంగా పెట్టుకోండి, లేదంటే ఘాతాంకాలతో ప్రోగ్రామ్ కుదేలవుతుంది. ఆ నేపథ్యం మీద, ఒడుదొడుకులు ఎలా మారతాయో చెప్పే ముఖనోవ్-ససాకి సమీకరణాన్ని ఒక్కో తరంగానికీ విడిగా నడిపించాలి. తరంగం హొరైజన్ లోపల బాగా చిన్నగా ఉన్నప్పుడే మొదలుపెట్టాలి, ఆలస్యంగా మొదలుపెడితే జవాబు తప్పుతుంది. అన్నీ సరిగా ఉంటే తెరమీద ఒక గీత కనబడుతుంది: మొదట గబగబా ఊగుతుంది, ఊపు తగ్గుతూ వస్తుంది, తరంగం హొరైజన్ దాటిన కాసేపటికి అడ్డంగా తిన్నగా సాగిపోతుంది, ఇక కదలదు. ఒడుదొడుకు గడ్డకట్టిందని పుస్తకాల్లో రాసేది దీన్నే. నేను ఆ గీత మొదటిసారి చూసినప్పుడు రూమ్మేట్‌ని నిద్రలేపి చూపించాను. పాపం వాడు కెమిస్ట్రీ.

అది వచ్చాక స్టారోబిన్‌స్కీ పొటెన్షియల్ పెట్టి మళ్ళీ నడపండి, ఒక్క ఫంక్షన్ మారిస్తే చాలు. రెంటినీ ప్లాంక్, బైసెప్ హద్దులున్న పటం మీద గుర్తించి, ఎవరెక్కడున్నారో రాయండి. ప్లాంక్ డేటా అందరికీ ఉచితం, మామూలు ల్యాప్‌టాప్ చాలు. టైమ్ మిగిలితే, ధీరజ్ హజ్రా, శ్రీరామ్‌కుమార్, జెరోమ్ మార్టిన్ కలిసి 2012లో ఇచ్చిన బింగో అనే కోడ్ ఉంది. మూడు బిందువుల సహసంబంధాల దాకా వెళుతుంది. ఎమ్మెస్సీకి అది తప్పనిసరి కాదు. స్ట్రింగ్ సిద్ధాంతం నుంచి తెచ్చిన నమూనాల జోలికి ఇప్పుడు పోవద్దు, ఆర్నెల్లు భాష నేర్చుకోవడానికే సరిపోతాయి.

వైవాలో తప్పకుండా వచ్చే ప్రశ్న: "60 ఎందుకు? 40 ఎందుకు కాదు?" హొరైజన్ సమస్య తీరడానికి అంత కావాలి అని మాత్రం చెప్పి ఊరుకోవద్దు. ఇన్‌ఫ్లేషన్ ఏ శక్తి దగ్గర జరిగింది, తర్వాత విశ్వం ఎంత త్వరగా వేడెక్కింది అన్నవాటిని బట్టి ఆ అంకె మారుతుందనీ, అందుకే మామూలుగా 50 నుంచి 60 అని పరిధిగా ఇస్తారనీ చెప్పండి. మీ రెండు నమూనాలకూ ఆ రెండు చివర్ల దగ్గర విలువలు ముందే పట్టిక వేసి జేబులో పెట్టుకోండి: ఫై స్క్వేర్‌కు ఆర్ 0.13 నుంచి 0.16, స్టారోబిన్‌స్కీకి 0.003 నుంచి 0.005. తర్వాతి ప్రశ్న సాధారణంగా ఆ 0.003ని ఎప్పటికి కొలుస్తారని. జపాన్ తలపెట్టిన లైట్‌బర్డ్ ఉపగ్రహం గురి 0.001 దాకా. అది ఎగిరేది 2030ల్లో.